మందుకు లొంగని సూక్ష్మజీవులు

హైదరాబాదు మహానగరమునకు తూర్పు వాకిలి ఉప్పల్. వరంగల్లు నుండియు, యాదగిరిగుట్ట నుండియు వచ్చు బస్సులు ఈ దారినే నగరమున ప్రవేశించును. తెల్లవారినది మొదలు ప్రొద్దుపోవువరకు ఉప్పల్ చౌరస్తాలో జనసమ్మర్దము తరుగదు. ఊరూరివారు అచ్చట కలిసికొందురు. క్షణకాలము నిలిచి మాటాడుదురు. ఒకరి చేతిలోని వస్తువు మరియొకరి చేతిలోనికి మారును. పిదప ఎవరి దారిని వారు పోవుదురు. ఉప్పల్‌నకు ఉత్తరముగా నాచార మున్నది. అచ్చట కర్మాగారములును, వానిలో పనిచేయు కుటుంబముల నివాసములును పెక్కు కలవు. ఈ రెండు పేటలకును చేరువనే, హబ్సిగూడలో ఉప్పల్ మార్గము మీద, సి.సి.ఎం.బి. అని ప్రజలు పిలుచు ప్రసిద్ధ పరిశోధనాలయము కలదు. 1977లో ప్రారంభమైన ఈ సంస్థలో ప్రాణుల కణములను గూర్చియు, ఆ కణములలోని జన్యువులను గూర్చియు శాస్త్రజ్ఞులు పరిశోధనలు చేయుచున్నారు.

కంటికి కానరాని జన్యువులును ఉప్పల్ చౌరస్తాలోని వస్తువులవలెనే చేతులు మారునని చెప్పినచో నమ్మశక్యము కాదు. కాని అది సత్యము. ఆ సత్యము ప్రతి యింటికిని సంబంధించినది. దానిని తెలిసికొనుటకు ఒక ఇల్లాలి కథ సాయపడును. ఇట్టి కథ ఏ వీధిలోనైనను జరుగదగినదే.

నాచారములో ఒక ఇల్లాలున్నదనుకొందము. ఆమె ఒక కర్మాగారమున పెట్టెలలో సరకు సర్దు పని చేయుచుండెను. ఉదయము ఎనిమిది గంటలకు పనిలో చేరిన పిదప మాటిమాటికి లేచి వెలుపలికి పోవుటకు వీలు చిక్కెడిది కాదు. అందుచే ఆమె మంచినీరు త్రాగుట తగ్గించుకొనెను. కొంతకాలమునకు మూత్రమునకు పోవునపుడు మంటయు, పొత్తికడుపులో నొప్పియు కలిగెను. సిగ్గుచేతను, ఒకనాటి కూలి పోవునను భయముచేతను ఆమె ఆస్పత్రికి పోలేదు. పొరుగింటి ఇల్లాలు ఆమె బాధ చూచి జాలిపడినది.

“వదినా! మొన్న మా ఆయనకు డాక్టరు వ్రాసిన మాత్రలు నాలుగు మిగిలియున్నవి. ఇవి వేసికొనుము, మంట తగ్గిపోవును” అని చేతిలో పెట్టెను.

రెండు దినములలో మంట తగ్గినది. “నా వదిన చేతి చలువ” అని ఆమె సంతోషించెను. నెల తిరుగక మునుపే మంట మరల వచ్చెను. ఈసారి అంగడిలో అవే మాత్రలు కొని వేసికొనెను. అవి పనిచేయలేదు. ఎనిమిదవ తరగతి చదువుచున్న కుమార్తె పట్టుపట్టగా, చివరకు తల్లి ఆస్పత్రికి వెళ్లెను.

డాక్టరమ్మ అంతయు విని, మూత్రమును పరీక్షకు పంపెను. ఆ పరీక్ష చేయు విధము తెలిసికొనదగినది. మూత్రములోని సూక్ష్మజీవులను, వానికి తగిన ఆహారము పోసిన గాజుపళ్లెములో ఒక దినము పెంచుదురు. అవి పెరిగిన పిదప ఏ జాతివో గుర్తించి, వానిని వేరొక పళ్లెముపై పలుచగా పరతురు. దానిమీద వేరువేరు మందులలో తడిపిన చిన్న కాగితపు బిళ్లలను ఉంచుదురు. మరునాడు చూచినచో, పనిచేయు మందు చుట్టును సూక్ష్మజీవులు పెరుగక తేటయైన వలయ మేర్పడియుండును. పనిచేయని మందు బిళ్లను ఆనుకొని సూక్ష్మజీవులు దట్టముగా పెరిగియుండును. ఏ మందుకు శత్రువు లొంగునో, ఏ మందుకు లొంగదో ఈ విధముగా తేలును.

మూడుదినముల పిదప ఫలితము వచ్చెను. పొరుగింటి ఆమె ఇచ్చిన సిప్రోఫ్లాక్ససిన్ మాత్రకు ఆ సూక్ష్మజీవి లొంగలేదు. అంతియేకాదు, జబ్బు ముదిరినపుడు ఆస్పత్రులలో సూది ద్వారా ఇచ్చు బలమైన మందులలో కొన్నింటికిని అది లొంగలేదు. ఇది విని తల్లి ఆశ్చర్యపడినది.

“డాక్టరమ్మా! ఆ సూదిమందుల పేర్లు నేనెన్నడు వినను కూడ వినలేదు. నా ఒంటిలోనికి ఎన్నడును రాని మందును ఎదిరించుట నా ఒంటిలోని పురుగుకు ఎవరు నేర్పిరి?” అని అడిగెను.

“మంచి ప్రశ్న వేసితివమ్మా. నీకు నీ పొరుగామె మాత్రలిచ్చినట్లే, నీ ఒంటిలోని పురుగుకు దాని పొరుగు పురుగు ఆ విద్య ఇచ్చినది” అని డాక్టరమ్మ బదులు పలికెను.

ఈ మాటలోని అంతరార్థము గ్రహించుటకు ముందుగా ఆ సూక్ష్మజీవిని ఎరుగవలెను. మూత్రమార్గమున కలుగు జబ్బులలో అధికభాగమునకు కారణము ఇ. కోలై అను బాక్టీరియా. 1885లో ఎషెరిక్ అను వైద్యుడు దీనిని శిశువుల మలమునందు కనుగొనెను. నిజమునకు ఇది మానవుని ప్రేగులలో పుట్టినది మొదలు కాపురముండు జీవి. ప్రేగులలో ఉన్నంతకాలము ఇది సాధారణముగా కీడు చేయదు. చోటు తప్పి మూత్రమార్గములోనికి ప్రవేశించినపుడు జబ్బు కలుగును. స్త్రీలలో మూత్రమార్గము పొడవు సుమారు 4 సెంటీమీటర్లు మాత్రమే. పురుషులలో సుమారు 20 సెంటీమీటర్లు. ఈ కారణముచే స్త్రీలకు ఈ జబ్బు ఎక్కువ. చాలినంత నీరు త్రాగినచో మూత్రముతోపాటు ఈ సూక్ష్మజీవులు కొట్టుకొనిపోవును. నీరు త్రాగనివారికిని, మూత్రమును బిగబట్టుకొనువారికిని అవి పెరుగుటకు వ్యవధి చిక్కును. పట్టించుకొనకున్న అవి మూత్రపిండములకు ఎగబ్రాకును. అటుపై నెత్తురులో కలిసి ప్రాణాపాయము కలిగించును.

అనుకూల పరిస్థితులలో ఇ. కోలై 20 నిమిషముల కొకసారి రెండుగా చీలును. ఒకటి రెండై, రెండు నాలుగై, పదిగంటలలో ముప్పదిమార్లు రెట్టింపైనచో వాని సంఖ్య 107 కోట్లు దాటును. ఇన్ని కోట్ల చీలికలలో జన్యువులందు అచ్చటచ్చట పొరపాట్లు దొరలుచుండును. అట్టి పొరపాటొకటి ఎప్పుడో మందును తట్టుకొను శక్తినిచ్చును. మందు తగిలినపుడు తక్కినవి చచ్చును. ఆ ఒక్కటి మిగిలి వంశమును పెంచుకొనును. తల్లినుండి పిల్లకు సంక్రమించు ఈ మార్గము ఒకటే ఉండినచో, మందుకు లొంగని గుణము నిదానముగా వ్యాపించెడిది. కాని బాక్టీరియాలకు రెండవ మార్గ మొకటి కలదు. ఆపద అంతయు అందులోనే యున్నది.

1946లో అమెరికాలో లెడర్‌బర్గ్ అను ఇరువదియొక్క యేండ్ల యువకుడు, టేటమ్ అను తన గురువుతో కలిసి, రెండు ఇ. కోలై జీవులు దగ్గరచేరి జన్యువులను పంచుకొనునని నిరూపించెను. బాక్టీరియా కణములో ముఖ్యమైన జన్యుసముదాయము ఒకటి యుండును. అదిగాక, కంకణమువలె గుండ్రనైన చిన్న జన్యుపదార్థములు కొన్నింటిలో వేరుగా నుండును. వీనికి లెడర్‌బర్గే 1952లో ప్లాస్మిడ్లు అని పేరు పెట్టెను. ప్లాస్మిడ్ గల జీవి సన్నని నూలుపోగువంటి అవయవమును చాచి పొరుగు జీవిని పట్టుకొని దగ్గరకు లాగుకొనును. పిదప ప్లాస్మిడ్‌నకు ఒక నకలు తయారై పొరుగు జీవిలోనికి పోవును. ఈ పని కొన్ని నిమిషములలో ముగియును. ఇచ్చినదాని యొద్ద అసలు అట్లే నిలుచును. పరీక్షలో ప్రక్కవాని కాగితము చూచి వ్రాసికొనినచో ఇద్దరి యొద్దను ఒకే సమాధాన ముండునుగదా! పిమ్మట ఆ రెండవ జీవి మూడవదానికి ఇచ్చును. ఇచ్చునదియు, పుచ్చుకొనునదియు ఒకే జాతివి కానక్కరలేదు.

ఈ పంపకము వైద్యులకు ఎంత కష్టము తెచ్చునో మొదట జపాను దేశమున బయటపడినది. ఆ కథకు తెలుగువారితో ఒక సంబంధము కూడ కలదు. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ పరిశోధనాలయమునకు అధ్యక్షులుగా నుండిరి. వారి ఆధ్వర్యవమున పనిచేసిన డగ్గర్ అను శాస్త్రజ్ఞుడు మట్టిలోని ఒక సూక్ష్మజీవినుండి ఆరియోమైసిన్ అను మందును తీసెను. టెట్రాసైక్లిన్ కుటుంబమున అది మొదటిది. 1948లో ఆ మందు లోకమునకు వెల్లడియైనది. ఆ యేడే సుబ్బారావుగారు కీర్తిశేషులైరి. అనేక జాతుల సూక్ష్మజీవులను అణచగల ఈ మందులవలన లక్షలాది ప్రజలు బ్రదికిరి.

ఏడేండ్లు గడిచినవో లేదో, 1955లో జపానులో రక్తవిరేచనముల రోగినుండి తీసిన షిగెల్లా అను బాక్టీరియా నాలుగు మందులకు ఒక్కుమ్మడిగా లొంగలేదు. ఆ నాలుగింటిలో టెట్రాసైక్లిన్ ఒకటి. ఒక్కొక్క మందుకు ఒక్కొక్క పొరపాటు కలిసివచ్చి, నాలుగును ఒకే జీవిలో చేరుట అతి దుర్లభము. మరి ఇదెట్లు జరిగెను? 1959లో ఒచియాయ్, అకిబా అను జపాను శాస్త్రజ్ఞులు వేరువేరుగా దీనికి సమాధానము కనుగొనిరి. మందులకు లొంగని ఇ. కోలైని, లొంగు షిగెల్లాతో కలిపి యుంచగా, షిగెల్లా కూడ లొంగనిదయ్యెను. నాలుగు మందులను ఎదిరించు జన్యువులు ఒకే ప్లాస్మిడ్‌పై కూర్చుండి, ఒకేసారి ఒక జాతినుండి మరియొక జాతికి పయనమైనవి.

నాచారపు ఇల్లాలి ప్రశ్నకు సమాధాన మిదియే. ఒక ప్లాస్మిడ్‌పై పలు జన్యువులుండును. ఒకటి మందును తెగనరకు పదార్థమును తయారుచేయును. మరియొకటి, కణములోనికి వచ్చిన మందును పంపుతో తోడినట్లు వెలుపలికి తోడివేయును, టెట్రాసైక్లిన్‌ను ఇ. కోలై ఎదిరించు పద్ధతులలో ఇది ముఖ్యమైనది. వేరొకటి మందు రూపమునే మార్చి దానిని పనికిమాలినదిగా చేయును. పొరుగామె ఇచ్చిన నాలుగు మాత్రలు, ఆ తల్లి ఒంటిలోని లొంగు జీవులను చంపినవి. అందుచేతనే రెండు దినములు హాయి కలిగెను. లొంగనివి మాత్రము మిగిలెను. అవి ఆ యొక్క మందును ఎదిరించు జన్యువునే గాక, అదే ప్లాస్మిడ్‌పై నున్న తక్కిన జన్యువులను కూడ మోసికొనుచు వర్ధిల్లెను. ఆమె ఎన్నడును వాడని సూదిమందును ఎదిరించు శక్తి ఈ విధముగా, పిలువని చుట్టమువలె, వెంటవచ్చినది.

ఇట్టి జన్యువులు ఎంత దూరము పయనించునో తెలుపుటకు రెండు దృష్టాంతములు చాలును. బలమైన సూదిమందులను నరకు సి.టి.ఎక్స్.ఎం.-15 అను జన్యువు మొదట 1999లో ఢిల్లీలో సేకరించిన బాక్టీరియాలలో కనబడినది. ఈ కుటుంబపు జన్యువులు, సాధారణముగా మానవులకు అంతగా హాని చేయని క్లూయివెరా అను వేరొక జాతి బాక్టీరియానుండి బయలుదేరినవని పిదప తేలినది. నేడు మూత్రమార్గపు జబ్బులు కలిగించు ఇ. కోలైలో సి.టి.ఎక్స్.ఎం.-15 భూమండలమంతటను వ్యాపించియున్నది. రెండవది: 2008లో, భారతదేశమునకు వచ్చి తిరిగి స్వీడన్ వెళ్లిన ఒక రోగి మూత్రములో క్లెబ్సియెల్లా అను బాక్టీరియా కనబడెను. అది, వైద్యులు కడపటి ఆయుధముగా దాచుకొనిన కార్బపెనెమ్ మందులకు సైతము లొంగలేదు. ఆ రోగి ప్రేగులలోని ఇ. కోలైలో కూడ అదే జన్యువు కనబడెను. వేరు జాతులైన ఆ రెండు జీవులును ఒకే శరీరమున పొరుగుననుండి ఒకే విద్య కలిగియుండెను. ప్రేగులు ఉప్పల్ చౌరస్తావంటివి. పలు జాతులు అచ్చట కలిసికొనును. జన్యువులు చేతులు మారును.

ప్రేగులు మొదటి సంత అయినచో, మురుగునీరు రెండవ సంత. ఇండ్లనుండియు, ఆస్పత్రులనుండియు వెడలు మురుగు తుదకు మూసీనది వైపునకే పోవును. అంబరుపేటలోను, నాగోలులోను మురుగును శుద్ధిచేయు కేంద్రములున్నవి. శుద్ధివలన సూక్ష్మజీవులు చాలవరకు తగ్గును గాని పూర్తిగా నశింపవు. మూసీ దిగువ పల్లెలలో ఆ నీటితోనే వరియు, పశుగ్రాసమును పండించుచున్నారు.

హైదరాబాదు పరిసరములలో దీనికితోడు మరియొక చిక్కున్నది. లోకమునకు మందులు తయారుచేసి పంపు నగరములలో ఇది పేరుగన్నది. 2007లో స్వీడన్ శాస్త్రజ్ఞులు నగరమునకు పడమటనున్న పటాన్‌చెరువులో, పెక్కు మందుల కర్మాగారములనుండి వచ్చు వ్యర్థజలమును శుద్ధిచేయు కేంద్రమునుండి వెలువడు నీటిని పరీక్షించిన వివరములు ప్రకటించిరి. లీటరు నీటిలో 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్ససిన్ ఉండెను. మాత్ర మ్రింగిన రోగి నెత్తురులో ఉండు మోతాదుకంటె ఇది ఎక్కువ. 2011లో ఆ ప్రాంతపు ఏటి అడుగున నున్న బురదను పరిశోధింపగా, మందులను ఎదిరించు జన్యువులును, వానిని మోయు ప్లాస్మిడ్లును విస్తారముగా కనబడెను. 2016లో నగర పరిసరములలో, మూసీతో సహా, 28 చోట్ల నీటిని పరీక్షింపగా అన్ని చోట్లను సూక్ష్మజీవులను చంపు మందుల జాడలుండెను. నూటికి తొంబదియైదు పాళ్లకు పైగా చోట్ల మందులకు లొంగని బాక్టీరియా లుండెను. నీటిలో మందు నిలిచియున్నచో, లొంగు జీవులు చచ్చి, లొంగనివానికి రాజ్యమబ్బును. నాచారపు తల్లి ఒంటిలో నాలుగు మాత్రలు చేసిన పనిని, ఏటిలో మందు నిత్యము చేయుచుండును.

మురుగునీరు శత్రువు మాత్రమే కాదు, వేగువాడు కూడ. 2020లో సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు, తార్నాకలోని మరియొక పరిశోధనాలయమువారితో కలిసి, హైదరాబాదు మురుగునీటిలో కరోనా వైరస్ జాడలు వెదకి, నగరమున ఆ వ్యాధి ఎంతవరకు వ్యాపించెనో అంచనా వేసిరి. మందులకు లొంగని జన్యువుల జాడలను కూడ ఈ రీతినే మురుగునీటిలో వెదకవచ్చును.

ఈ ఆపద చిన్నదని తలపరాదు. 2019లో మందులకు లొంగని బాక్టీరియాలవలన ప్రపంచమున సుమారు 12 లక్షల 70 వేలమంది మరణించిరని శాస్త్రజ్ఞులు లెక్కగట్టిరి. క్రొత్త మందు కనుగొనుటకు ఏండ్లు పట్టును. దానిని ఎదిరించు జన్యువు చేతులు మారుటకు నిమిషములు చాలును. ఈ పందెములో మానవుడు గెలువవలెనన్న, ఉన్న మందులను పొదుపుగా వాడుకొనవలెను. మన ప్రభుత్వము 2016లో ఇట్టి మందుల అట్టలపై నిలువు ఎఱ్ఱగీతను గూర్చి ప్రజలకు ప్రచారము చేసెను. ఎఱ్ఱగీత గల మందును డాక్టరు చీటి లేక కొనరాదు. డాక్టరు చెప్పినన్నినాళ్లు వాడవలెను. నడుమ మానరాదు, స్వంతముగా పొడిగింపరాదు. ఒకరికి వ్రాసిన మందును మరియొకరు వేసికొనరాదు. జలుబునకు సామాన్యముగా వైరసులు కారణము. వానిపై ఈ మందులు పనిచేయవు. చేతులు కడుగుకొనుట, మంచినీరు చాలినంత త్రాగుట, మూత్రమును బిగబట్టకుండుట జబ్బునే రాకుండ చేయు మార్గములు. పనిచేయు చోటులందు శుభ్రమైన మరుగుదొడ్లును, అచ్చటికి పోవు వ్యవధియు ఉండుట కూడ వైద్యములో భాగమే.

నాచారపు ఇల్లాలి అదృష్టమువలన, గాజుపళ్లెములో ఒక బిళ్ల చుట్టు తేటయైన వలయ మేర్పడినది. అది నైట్రోఫ్యురాంటాయిన్, 1953 నాటినుండి వాడుకలో నున్న పాతమందు. డాక్టరమ్మ దానినే వ్రాసి ఇచ్చెను. ఆమె చెప్పిన దినములన్నియు వాడి తల్లి స్వస్థురాలయ్యెను. కుమార్తె ప్రతి ఉదయము ఒక సీసానిండ నీరు పోసి తల్లి సంచిలో పెట్టుచుండెను.

కొన్నాళ్లకు పొరుగామె వచ్చి, “వదినా! పిల్లవానికి జలుబు చేసి రెండు దినములాయెను. డాక్టరమ్మ నీకిచ్చిన మాత్ర లేమైన మిగిలినవా?” అని అడిగెను.

ఒకనాడు తనకు ప్రేమతో మాత్రలిచ్చిన మనిషి! లేదనుటకు తల్లికి మనసొప్పలేదు. అయినను ఇట్లనెను: “ఒక్కటియు మిగులలేదు వదినా. మిగిలినను ఇయ్యను, కోపగింపకుము. నీవు ఆనాడిచ్చిన మాత్రలు నా ఒంటిలో చేసినదేమో నేను తెలిసికొంటిని. పిల్లవానిని ఎత్తుకొనుము. ఆస్పత్రికి నేనును నీ వెంట వచ్చెదను.”

ఇద్దరును పిల్లవానితో బయలుదేరిరి. పొరుగువారికి పొరుగువారు తోడుపోవుటకంటె మించిన సాయము లేదు.

ప్రశ్నలు

1. నాచారపు ఇల్లాలు డాక్టరమ్మను అడిగిన ప్రశ్న యేది? దానికి సమాధానమును మీ మాటలలో వ్రాయుడు.
2. ప్లాస్మిడ్ అన నేమి? అది ఒక జీవినుండి మరియొక జీవికి ఎట్లు చేరును?
3. 1955లో జపానులో కనబడిన షిగెల్లా శాస్త్రజ్ఞులకు ఆశ్చర్యము కలిగించుటకు కారణమేమి?
4. “మురుగునీరు శత్రువు మాత్రమే కాదు, వేగువాడు కూడ.” వివరింపుడు.
5. మీ యింటిలో మిగిలిన మందులను గూర్చి ఏ జాగ్రత్తలు తీసికొనవలెనో పెద్దలతో మాటాడి వ్రాయుడు.